ఎలుకల గదిలో కండక్టరమ్మ

ముందు ఆమె గొంతు గురించి చెప్పాలి. బస్సు వెనక మెట్టు మీద నిలబడి ఆమె "రైట్!" అని ఒక్క కేక వేస్తే, సొంత డ్రైవరే కాదు, పక్కన ఆగివున్న లారీవాడు కూడా గేరు మార్చేవాడట. ఆ ఊరి బస్సులో ఆమె ఎన్నో ఏళ్లు టికెట్లు కొట్టింది. చిల్లర లేదన్నవాళ్లతో వాదించింది, నిద్రపోయేవాళ్లని వాళ్ల స్టాపులో తట్టి లేపింది, ఫుట్‌బోర్డు మీద వేలాడే కాలేజీ కుర్రాళ్లని చెవి మెలిపెట్టినంత పని చేసి లోపలికి లాగింది. తర్వాత, ఎక్కేచోట కార్డు తాకించి కూర్చునే బస్సులు వచ్చాయి. కండక్టర్లందరినీ ఒక్కసారే ఇంటికి పంపించారు.

ఇంట్లో ఊరికే కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. కూర్చోబెట్టడం అత్తగారి వల్లా కాలేదు. అంత గొంతును నాలుగు గోడల మధ్య రోజంతా భరించడం ఎవరికైనా కష్టమే. అలా ఉన్నప్పుడు, పెద్దాసుపత్రి వెనక ఉన్న పరిశోధనశాలలో పెట్టెలు కడగడానికి మనిషి కావాలని తెలిసింది. వెళ్లింది.

అక్కడ పెద్ద ఒక డాక్టరమ్మ. సన్నగా ఉంటుంది, మాట్లాడుతూనే నడుస్తుంది, నడుస్తూనే తింటుంది. ఇంటర్వ్యూ అని కూర్చోబెట్టింది గానీ అడిగింది ఒకటే.

"మేం పెంచేది ఎలుకల్ని. భయం లేదు కదా?"

"అబ్బే! ఎలుకలకి భయమేంటండీ" అంది కండక్టరమ్మ.

అది పచ్చి అబద్ధం. ఒకసారి బస్సులో ఎవరి మూటలోంచో ఎలుక బయటికొస్తే ఆమె సీటెక్కి నిలబడి ఈల ఊదేసింది. స్టాపు అనుకుని డ్రైవరు బ్రేకు వేశాడు. బస్సంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆ డ్రైవరన్న దాన్ని ఎన్నేళ్లయినా మర్చిపోలేదు, ఎవరినీ మర్చిపోనివ్వలేదు.

ఇంట్లో విషయం చెప్పగానే, కుట్టుమిషన్ దగ్గర కూర్చున్న భర్త మెడలోని టేపు సర్దుకుని, "యూనిఫాం ఇస్తారా?" అన్నాడు.

"ఇస్తారు."

"ఒకసారి పట్టుకురా. కుట్టు ఎలా ఉందో చూస్తా."

దర్జీకి అంతకంటే సందేహాలు లేవు. అత్తగారికి మాత్రం చాలానే ఉన్నాయి.

"ఇంట్లో ఎలుక కనబడితే మందు పెట్టి చంపుతాం. నువ్వేమో ఎలుకకి జబ్బు చేస్తుందని మూతికి గుడ్డ కట్టుకుని వెళ్తావా? ఎవరైనా వింటే నవ్విపోతారే!"

"మీరు చెప్పకపోతే ఎవరు వింటారు అత్తయ్యా?"

"నేను చెప్పకుండా ఎలా ఉంటాను?" అంది ఆవిడ, నిజాయితీగా.

ఎలుకల గదిలోకి వెళ్లడం పెళ్లికూతురు ముస్తాబంత పని. తల తడిసేలా స్నానం చేయాలి. తన బట్టలు వదిలేసి వాళ్లిచ్చిన బట్టలు వేసుకోవాలి. తలకి టోపీ, మూతికి మాస్కు, చేతులకి ఒకదాని మీద ఒకటి రెండు జతల తొడుగులు. ఆ తర్వాత చిన్న గదిలో నిలబడితే నాలుగువైపుల నుంచీ గాలి కొట్టి, ఒంటి మీద దుమ్ము కాస్తో కూస్తో మిగిలితే అదీ ఊడగొడుతుంది. లోపల వరసగా అరలు, అరల్లో గాజులా కనిపించే ప్లాస్టిక్ పెట్టెలు, ఒక్కో పెట్టెకి ఒక్కో గాలి గొట్టం. పెట్టెల్లో తెల్లటి ఎలుకలు, వాటికి గులాబీరంగు కళ్లు. వాటి తిండి, నీళ్లు, కింద పరిచే పొట్టు అన్నీ ఆవిరిలో ఉడికి వచ్చినవే.

మొదటిరోజు ఆమె అలవాటు కొద్దీ, "మేడమ్! ఈ పెట్టెలు ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగింది. అంతే. ఆ గదిలోని ఎలుకలన్నీ ఒక్క గెంతులో పొట్టు కిందికి దూరిపోయాయి. డాక్టరమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని, రెండో చేతి వేలు మాస్కు మీద పెట్టింది.

అప్పటినుంచి కండక్టరమ్మ గుసగుసగా మాట్లాడటం నేర్చుకుంది. ఎంతగా నేర్చుకుందంటే, ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. కొన్నాళ్లకి అత్తగారు కొడుకుని పక్కకి పిలిచి, "నీ పెళ్లానికి నా మీద ఏదో కోపంగా ఉందిరా, అరవడం మానేసింది" అని కళ్లు ఒత్తుకుంది.

పెట్టెలు కడుగుతూనే ఆమె ఒకరోజు అడిగింది. "ఇంత మడి దేనికండీ ఈ ఎలుకలకి?"

డాక్టరమ్మ నిలబడి చెప్పింది. అంటే, విషయం ముఖ్యమైనదన్నమాట. "రక్తానికి క్యాన్సర్ వస్తుంది, తెలుసు కదా? ఆ జబ్బు కణాల్ని బయటికి తీసి గాజు గిన్నెలో పెడితే చాలావరకు నాలుగురోజులకే చచ్చిపోతాయి. అవి బతికుంటే తప్ప, ఏ మందుకి లొంగుతాయో చూడలేం. వాటికి ఒక ఒళ్లు కావాలి. కానీ మామూలు ఎలుకలోకి మనిషి కణాన్ని పంపితే, ఎలుక ఒళ్లు దాన్ని పరాయిదని కనిపెట్టి తరిమేస్తుంది. ఈ ఎలుకలకి పుట్టుకతోనే ఆ కాపలా లేదు. లోపలికి ఎవరొచ్చినా అడగవు. అందుకని మనిషి కణాలు వీటి ఎముకల్లోని మూలుగలో హాయిగా చేరి పెరుగుతాయి. కాపలా లేదు కాబట్టే, మన చేతి మీద ఉండే చిన్న క్రిమి చాలు, వీటిని చంపేయడానికి."

"అంటే కండక్టరు లేని బస్సన్నమాట" అంది ఆమె. "ఎవడు పడితే వాడు ఎక్కి కూర్చుంటాడు."

డాక్టరమ్మ నవ్వినప్పుడు మాస్కు కదిలింది. ఆ తర్వాత ఎవరైనా చూడ్డానికొస్తే వాళ్లకి కూడా అలాగే చెప్పేది. దాంతో ఆమెకి పాత ఉద్యోగం పేరే ఖాయమైపోయింది. పరిశోధనశాలంతా ఆమె కండక్టరమ్మే.

కొన్ని నెలలకి, ఎలుకల్ని చూసుకునే అమ్మాయి వేరే ఊరు వెళ్లిపోయింది. డాక్టరమ్మ పిలిచి, ఇకనుంచి ఎలుకల పని చూడమంది. కండక్టరమ్మకి గుండెల్లో రాయి పడింది. అంతవరకు ఆమె ముట్టుకున్నవన్నీ ఖాళీ పెట్టెలే.

"మేడమ్, నేను మీకో అబద్ధం చెప్పాను."

"ఎలుకలంటే భయం లేదనా? తెలుసు. ఇంటర్వ్యూలో ఎలుక అనగానే మీరు రెండు కాళ్లూ కుర్చీ మీదకి లాక్కున్నారు."

"మరి తెలిసీ ఎందుకు తీసుకున్నారండీ?"

"కాళ్లు పైకి పెట్టుకుని కూడా ఉద్యోగం అడిగారు కదా."

మొదటి ఎలుకని తోక మొదట్లో పట్టుకుని పైకి తీసినప్పుడు ఆమె కళ్లు గట్టిగా మూసేసుకుంది. డాక్టరమ్మ పక్కనే నిలబడి, "కళ్లు తెరవండి. మిమ్మల్ని చూసి దాని గుండె ఎలా కొట్టుకుంటోందో చూడండి. మీ ఇద్దరిలో ఎవరో ఒకరు ధైర్యం తెచ్చుకోవాలి" అంది. కళ్లు తెరిచింది. అరచేతిలో పట్టేంత ప్రాణి. మీసాలు వణుకుతున్నాయి. పాపం, ఇది నన్ను తింటుందా ఏమిటి అనుకుంది. మరుక్షణం అది తొడుగు మీద కొరికింది. ఆమె అరవలేదు. అరిస్తే మిగిలినవన్నీ బెదురుతాయని పళ్లు బిగబట్టింది. ఆరోజుతో భయం పోయిందని చెప్పలేం గానీ, భయానికి పని అడ్డం వచ్చింది.

పట్టుకోవడం వచ్చాక సూది వేయడం. జబ్బు కణాల్ని ఎలుక తోకలోని నరంలోకి ఎక్కించాలి. ఆ నరం దారం కంటే సన్నం. తోకని గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచితే ఉబ్బి కనబడుతుంది. కనబడుతుందే గానీ సూదికి దొరకదు. తల ప్రాణం తోకకి రావడమంటే ఏమిటో ఆమెకి అప్పుడు అర్థమైంది. రంగునీళ్లతో నేర్చుకోవడమే ఎన్నో వారాలు పట్టింది. ఇంట్లో భర్త సూదిలో దారం ఎక్కించేటప్పుడు పక్కన కూర్చుని, అతని వేళ్లు ఎలా నిలకడగా ఉంటాయో చూసేది. "ఊపిరి వదిలేటప్పుడు ఎక్కించు, పీల్చేటప్పుడు వద్దు" అన్నాడు దర్జీ. మర్నాడు ఊపిరి వదులుతూ ఎక్కించింది. సూది నల్లేరు మీద నడకలా లోపలికెళ్లింది. గది బయటికొచ్చి, తలుపు మూసుకుందో లేదో చూసుకుని, పాత గొంతుతో "రైట్!" అని ఒక్క కేక పెట్టింది. మేడ మీద ఎవరో గ్లాసు జారవిడిచారు.

అయితే అంతా నవ్వులాటే కాదు. కణాలు పెరిగిన ఎలుక చివరికి నీరసిస్తుంది. వీపు వంగుతుంది, బొచ్చు రేగుతుంది, తిండి మానేస్తుంది. అది బాధపడకముందే మత్తుగాలి పెట్టి నిద్రపుచ్చేయాలి. అది అక్కడి నియమం. మొదటిసారి ఆ పని చూసిన సాయంత్రం ఆమె ఇంటికెళ్లి భోజనం ముందు ఊరికే కూర్చుంది. భర్త మిషన్ ఆపి వచ్చాడు.

"మానేస్తావా?"

"నేను మానేస్తే అవి బతుకుతాయా? ఇంకొకళ్లెవరో చేస్తారు."

"మరి?"

"ఆ పని నేనే అడిగి చేస్తాను. వాటికి నా చెయ్యి అలవాటు. కొత్త చెయ్యైతే భయపడతాయి."

అలాగే చేసింది. రోజూ పొద్దున ప్రతి పెట్టె ముందూ నిలబడి చూసేది. ఏదైనా కాస్త వీపు వంచితే చాలు, డాక్టరమ్మ వెంట పడేది. "ఇంకో రెండురోజులు ఆగితే మనకి ఎక్కువ తెలుస్తుంది" అని డాక్టరమ్మ అంటే, "మనకి తెలుస్తుంది గానీ, దానికి బాధ కదండీ" అనేది. కొన్నిసార్లు డాక్టరమ్మ మాట నెగ్గేది, ఎక్కువసార్లు ఆమెదే నెగ్గేది.

ఆ రోజుల్లో ఆసుపత్రి నుంచి ఒక పెద్దాయన కణాలు వచ్చాయి. పేరు ఎవరికీ చెప్పరు, సీసా మీద అంకె మాత్రం ఉంటుంది. ఏ మందుకీ లొంగని జబ్బు అది. అలాంటి జబ్బు ఇంకా చాలామందికి ఉందట, దాని గుట్టు తెలిస్తే అందరికీ మేలట. కానీ ఆ కణాలు ఎలుకల్లో కూడా నిలబడలేదు. ఎక్కించిన ఎలుకలన్నీ శుభ్రంగా తిని, తిరిగి, కొవ్వెక్కాయి. రక్తం తీసి చూస్తే మనిషి కణం ఒక్కటీ లేదు. అందరూ ఆశ వదిలేశారు. ఆ కణాలకి కండక్టరమ్మ మొండిఘటం అని పేరు పెట్టింది. అలా నెలలు గడిచాక, ఒక ముసలి ఎలుక రక్తంలో మొండిఘటం కనబడింది. డాక్టరమ్మ ఆరోజు కూర్చుని భోంచేసింది. ఆ ఎలుక మూలుగలోంచి కణాలు తీసి మరో ఎలుకల గుంపుకి ఎక్కించారు. ఈసారి చాలావాటిలో పట్టాయి. మందులు మొదలుపెట్టారు. ఒక్కో మందు విడిగా ఇస్తే లాభం లేదు, రెండు కలిపి ఇస్తే ఏమవుతుందో చూడాలి.

సరిగ్గా అప్పుడే ఎండలు ముదిరాయి, గదిని చల్లగా ఉంచే గాలి యంత్రం పాడైంది. దానికి తోడుగా ఉండాల్సిన రెండో యంత్రం అంతకుముందే విప్పి మరమ్మతులో ఉంది. మధ్యాహ్నానికి గది కొలిమిలా మారింది. ఎలుకలు పొట్టు పక్కకి నెట్టి పెట్టె అడుగున బల్లపరుపుగా పడుకున్నాయి. ఊరికి అటుచివర ఉన్న విశ్వవిద్యాలయంవాళ్లు ఖాళీ గది ఇస్తామన్నారు. తీసుకెళ్లడానికి బండి ఏది? ఆసుపత్రి వ్యాన్లలో ఏసీ లేదు. చేపలు తెచ్చే చల్లబండి ఒకటి దొరికింది గానీ, అందులో పెడితే గడ్డకట్టుకుపోతాయని, ఆ ఎలుకల ఆరోగ్యం చూసే పశువైద్యుడు నెత్తి కొట్టుకున్నాడు.

"మేడమ్, మా డ్రైవరన్నకి ఫోన్ చెయ్యనా?" అంది కండక్టరమ్మ. డ్రైవరన్న అప్పటికి టూరిస్టు బస్సు నడుపుతున్నాడు. ఏసీ బస్సు.

"అన్నా, ఎక్కడున్నావ్?"

"మ్యూజియం దగ్గర. టూరిస్టులు సాయంత్రం దాకా లోపలే ఉంటారు. ఏం చెల్లెమ్మా?"

"ఓనర్ని అడిగి బస్సు తీసుకురా. ప్రాణాలమీదకొచ్చిన పని. ప్రయాణికులున్నారు."

"ఎంతమంది?"

"మూడొందల పైనే."

"ఒక్క బస్సులోనా! నీకేమైనా మతి పోయిందా?"

"చిన్నవాళ్లే లే అన్నా, సర్దుకుంటారు."

స్కూలు పిల్లలనుకుని వచ్చాడు డ్రైవరన్న. వచ్చాక సంగతి తెలిసి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని కడుపు చెక్కలయ్యేలా నవ్వాడు. "సీటెక్కి ఈల ఊదినదానివి! నువ్వా!" అన్నాడు.

"తర్వాత నవ్వుదువు గానీ, చెప్పులు తుడుచుకో."

పశువైద్యుడు సీట్లన్నీ మందునీళ్లతో తుడిపించి, కొత్త ప్లాస్టిక్ షీట్లు పరిపించాడు. మూతలకి గాలి వడపోసే గుడ్డ ఉన్న పెట్టెల్ని చేతులు మార్చుకుంటూ తెచ్చి, సీట్లకి పట్టీలతో కట్టారు. మొండిఘటం పెట్టెలు ముందు వరసలో, ఏసీ దగ్గర. పశువైద్యుడు హెచ్చరికలు చేశాడు. హారన్ కొట్టొద్దు. గబుక్కున బ్రేకు వేయొద్దు. గుంతల్లోకి పోనివ్వొద్దు.

"హారన్ లేకుండా బస్సా? నోరు లేకుండా మీ కండక్టరమ్మని ఊహించుకోండి" అన్నాడు డ్రైవరన్న. అప్పుడు ఆమె పక్కకొచ్చి, "పోనీ అన్నా, మెల్లగా" అని గుసగుసలాడింది. అతను నోరు తెరుచుకుని ఆమెవైపు చూసి, బండి తీశాడు.

నిండా నీళ్లున్న బిందె నెత్తిమీద పెట్టుకున్నవాడిలా నడిపాడు. వెనక కార్లవాళ్లు తిట్టుకుంటూ దాటిపోయారు. ఒక సైకిలువాడు కూడా దాటిపోయాడు. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు సంచి పట్టుకున్న పెద్దమనిషొకడు పరుగెత్తుకొచ్చి తలుపు తట్టాడు. కండక్టరమ్మ అద్దం కాస్త జరిపి, "ఇది ఎక్కే బస్సు కాదండీ, లోపలంతా ఎలుకలు" అంది, పిల్లని నిద్రపుచ్చేటంత మెల్లగా. ఆయన సంచి కింద పెట్టి, బస్సు కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు.

అందరూ క్షేమంగా చేరారనే చెప్పాలి. ఎండదెబ్బకి తర్వాతి రోజుల్లో కొన్ని ఎలుకలు పోయాయి, మొండిఘటం గుంపులోనూ ఒకటి పోయింది. మిగిలినవి నిలబడ్డాయి. యంత్రం బాగయ్యేదాకా ఆమె రోజూ ఊరికి అటుచివరికి వెళ్లి వాటిని చూసుకుంది. కొత్త గదిలో బెదిరి తిండి ముట్టనివాటికి మెత్తటి తిండి పెట్టి దారికి తెచ్చింది. డ్రైవరన్న మాత్రం ఆ కథని మసాలా దట్టించి ఊరంతా చెప్పాడు. అతని లెక్కలో ఎలుకలు పదివేలయ్యాయి. బజారులో విన్న అత్తగారు ఇంటికొచ్చి, "అంతమందిలో నీ పేరు చెప్పుకుంటున్నారే! నేను చెప్పకముందే ఎలా తెలిసిందసలు?" అని నొచ్చుకుంది.

రెండు మందులూ కలిపి ఇచ్చిన ఎలుకల్లో మొండిఘటం లొంగింది. పూర్తిగా కాదు, అన్నిటిలోనూ కాదు, కానీ అంతకుముందు ఏ మందూ చేయనంత పని చేసింది. ఆ పెద్దాయన అప్పటికే లేరని ఆసుపత్రి నుంచి తెలిసింది. ఆరోజు డాక్టరమ్మా, కండక్టరమ్మా మెట్ల మీద కూర్చుని టీ తాగారు. ఆయన ఇచ్చిన కణాలు మాత్రం ఎలుక నుంచి ఎలుకకి ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. తర్వాత చాలా పరీక్షలూ అనుమతులూ అయ్యాక, ఆసుపత్రిలో అలాంటి జబ్బే ఉన్న కొందరికి ఆ రెండు మందులూ ఇవ్వడం మొదలుపెట్టారు. కొందరికి పనిచేసింది, కొందరికి పనిచేయలేదు.

ఏడాదికోసారి పరిశోధనశాల తలుపులు అందరికీ తెరుస్తారు. ఎలుకల గదిలోకి రానివ్వరు గానీ, పెద్ద అద్దంలోంచి చూడొచ్చు. ఆ ఏడు అత్తగారు పట్టుచీర కట్టుకుని బయల్దేరింది. అద్దం ముందు ఒక కుర్చీ లాక్కుని సినిమా చూసినట్టు కూర్చుంది. లోపల మాస్కూ టోపీలతో అందరూ ఒకేలా ఉన్నారు. "ఎడంవైపున్నది మా కోడలు. నడకని బట్టి చెప్పేస్తాను" అని పక్కన నిలబడ్డ అమ్మాయికి చెప్పింది. ఆ అమ్మాయికి ఇరవై పాతికేళ్లుంటాయి. జుట్టు అంగుళం కూడా లేదు.

"ఇంత చక్కటి మొహం పెట్టుకుని జుట్టెందుకమ్మా అంత పొట్టిగా కత్తిరించావు?"

"కత్తిరించలేదు బామ్మగారూ. అంతా ఊడిపోయి, ఇప్పుడిప్పుడే మళ్లీ వస్తోంది."

అత్తగారికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, తను లేచి నిలబడింది.

"నాకు వాడిన మందుల్ని ముందు వీటికే ఇచ్చి చూశారట" అంది ఆ అమ్మాయి, అద్దంలోకి చూస్తూ. "ఒకసారి చూసి పోదామని వచ్చాను. ఇంత చిన్నగా ఉంటాయనుకోలేదు."

"తెలివి ఎక్కువ వాటికి" అంది అత్తగారు, జీవితమంతా ఎలుకల పక్షానే మాట్లాడినట్టు.

ఆవిడ అద్దం మీద టకటకా కొట్టబోతే అక్కడి కుర్రవాడు ఆపాడు. దాంతో రెండు చేతులూ పైకెత్తి ఊపింది. లోపల కండక్టరమ్మ తలెత్తి చూసింది. ఎర్రటి పట్టుచీరలో గాలిమరలా చేతులూపుతున్న అత్తగారు, పక్కన కుర్చీలో నవ్వుతున్న ఎవరో అమ్మాయి. ఎవరో ఆమెకి తెలియదు. చేతిలో ఎలుక ఉంది కాబట్టి తిరిగి చెయ్యి ఊపడానికి లేదు. తల ఊపింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉంది. చెప్పులు విప్పనివ్వకుండా, ఆ అమ్మాయి ఎవరో, ఏమన్నదో, జుట్టు ఎంతుందో వేలితో చూపిస్తూ మొత్తం చెప్పింది. దర్జీ మిషన్ ఆపి విన్నాడు. కండక్టరమ్మ అక్కడే గడప మీద కూలబడి, చెంగుతో మొహం తుడుచుకుని, "ఏదీ, మళ్లీ మొదట్నుంచీ చెప్పండి అత్తయ్యా" అంది.